సరిహద్దు దాటితే మనం ఏ లెక్క? జర్నలిజం చదువుకు రాష్ట్రం దాటిన మా ముగ్గురి మాట
(సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ కాగితం చదివేది ఒక్కరే అయినా రాసింది ముగ్గురం. మాలో ఒకరిది కదిరి వైపు తండా. ఒకరిది గుత్తి వైపు. మూడో మనిషిది మడకశిర పక్క, తండా దాటి రెండు చేలు నడిస్తే కర్ణాటక. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లో చదివాం. ముగ్గురం అనంతపురంలో డిగ్రీ చేశాం. పత్రికా రచన చదవాలని ముగ్గురం రాష్ట్రం దాటాం. అలా దాటేటప్పుడు తగిలిన దెబ్బలు, తెలుసుకున్న సంగతులు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. పోయిన ఏడాది ఇదే సభలో గ్రూప్ పరీక్షల గురించి చెప్పారు కాబట్టి ఈసారీ అలాంటిదే అనుకొని వచ్చినవాళ్లు కొందరున్నారు. "విలేకరి పనికి కూడా చదువెందుకు నాయనా, బండి ఒకటుంటే చాలదా?" అని ఒక పెద్దాయన ఇందాక టీ దగ్గర అడిగారు. ఆయనకు జవాబు చెప్పే కిందికి దిగుతాం. ముందు సర్టిఫికెట్ల సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే మా ముగ్గురిలో ఒకరికి ఒక సంవత్సరం పోయింది అక్కడే.

సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర, ఈ రోజు మనం సేవాగఢ్ అని మొక్కే చోట పుట్టారని మనవాళ్ల లెక్క. సమాధి ఉన్నది మహారాష్ట్రలో, వాషిం జిల్లా పోహరాదేవిలో. ఇక్కడ పుట్టి అక్కడ సమాధి అయ్యేలోగా ఆయన మందలతో ఎన్ని సీమలు దాటారో. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని లదేణి నడిపిన మన ముత్తాతలకు కూడా సరిహద్దు అంటే సుంకం కట్టే చోటు, అంతే. అవతలికి పోయినంత మాత్రాన మనిషి మారిపోయేవాడు కాదు. ఇప్పుడు మారుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో సుగాలి, లంబాడీ, బంజారా ఏ పేరు రాసినా ఎస్టీ. కర్ణాటకలో బంజారా, లంబాణీ ఎస్సీ జాబితాలో ఉన్నారు. మహారాష్ట్రకు పోతే అక్కడ విముక్త జాతి. తెలంగాణ ప్రాంతంలోని లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. మన వైపు అంతకు ముందే ఉన్నాం. ఒకే గోర్ బోలీ మాట్లాడతాం, ఒకే తీజ్ చేసుకుంటాం, మొలకల బుట్టల ముందు ఒకే పాట పాడతాం. ఇక్కడ భుక్యా అని రాసుకునే ఇంటివాళ్లు అక్కడ రాథోడ్ అని రాసుకుంటారు, గోత్రం అడిగితే అన్నదమ్ములు.

ఇంకొక విచిత్రం చెప్పాలి. మన ఊళ్లలో పక్కనే ఉండే బోయ సోదరులు ఇక్కడ బీసీలు. సరిహద్దు దాటి చిత్రదుర్గ వైపు పోతే వాల్మీకి నాయకులు ఎస్టీలు. అక్కడ నాయక అంటే వాళ్లు. మన పేరు చివర నాయక్ చూసి అక్కడి గుమాస్తాలు వాళ్ల లెక్కలో వేసేస్తారు, తర్వాత సర్టిఫికెట్ చూసి తికమక పడతారు.

ఇప్పుడు మా మూడో మనిషి కథ. మడకశిర వైపు తండాల పెళ్లిళ్లు చాలావరకు పావగడ వైపు తండాలతోనే. ఆమె మేనమామ ఇల్లు అవతల ఉంది. మేనమామ కొడుకు ఎస్సీ కోటాలో డిగ్రీ సీటు తెచ్చుకొని చదువుకున్నాడు. దాంతో ఇంట్లో అందరికీ ధైర్యం. బెంగళూరు అనంతపురానికి 210 కిలోమీటర్లు, హైదరాబాద్ 360 పైమాటే. వేరుశనగ పోయిన ఏడు సగం తండా బెంగళూరులోనే సిమెంటు మోస్తూ ఉంటుంది, ఆడపిల్ల అక్కడ చదివితే అమ్మానాన్నల కళ్ల ముందే ఉంటుందని వాళ్ల బా ఆశ. సరే అని పక్క రాష్ట్రపు విశ్వవిద్యాలయం ఒకదానిలో ఎం.ఏ. జర్నలిజానికి దరఖాస్తు పెట్టింది. కేటగిరీ అన్నచోట ఎస్టీ అని టిక్కు పెట్టింది. ప్రవేశ పరీక్ష బాగా రాసింది. మొదటి జాబితాలో పేరు కూడా వచ్చింది. తండాలో బెల్లం పంచారు.

సర్టిఫికెట్ల పరిశీలన రోజు గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఆంధ్రా సర్టిఫికెట్ కదమ్మా" అన్నాడు.

"అవును సార్, మాది ఆంధ్రానే."

"ఇక్కడ ఎస్టీకి చెల్లదు."

"అయితే ఎస్సీ కింద వేయండి సార్. మా మామ కొడుకు ఇక్కడ ఎస్సీనే."

"ఆయన ఈ రాష్ట్రం. మీరు కాదు."

"మరి నేను ఏ లెక్క సార్?"

"జనరల్."

జనరల్ జాబితా అప్పటికే మూసేశారు. ఆ గుమాస్తా చెడ్డమనిషి కాదు. నియమాల పుస్తకం తీసి చూపించాడు, బస్సు ఎన్నింటికో కూడా చెప్పాడు. ప్రాస్పెక్టస్‌లో చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంది, మేమే చదవలేదు. తప్పు మాది. కానీ ఆ సంవత్సరం తిరిగి రాలేదు. ఆమె ఆ ఖరీఫ్ అంతా ఇంటి దగ్గర వేరుశనగ పెరికి, కాయలు ఒలిచి, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ చెప్పింది.

ఎందుకు ఇలా అని మేము తర్వాత వెతికాం. రాజ్యాంగం 341, 342 అధికరణాల కింద ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ప్రకటిస్తారు. "ఆ రాష్ట్రానికి సంబంధించి" అనే మాట అక్కడే ఉంది. దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాడు కూడా మన ఆంధ్రప్రదేశ్ మనిషే. మర్రి చంద్రశేఖరరావు కేసు అంటారు. ఇక్కడ ఎస్టీ జాబితాలో ఉన్న తెగకు చెందిన విద్యార్థి. తండ్రికి బొంబాయిలో ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం రావడంతో అక్కడే పెరిగాడు, అక్కడే చదివాడు. వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగితే మీ తెగ మహారాష్ట్ర జాబితాలో లేదన్నారు. 1990 మే 2న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన వాదన ఒప్పుకోలేదు. ఒక రాష్ట్రంలో వెనకబాటు వేరు, ఇంకో రాష్ట్రంలో వేరు, ఎక్కడి జాబితా అక్కడే అన్నారు. పుస్తకంలో చదివితే ఆ తర్కం అర్థమవుతుంది. కరువు మాత్రం పావగడలోనూ మడకశిరలోనూ ఒకే మోస్తరుగా ఉంటుందని మేము పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాం.

మేము ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రంవాళ్లం అయిన రోజు కూడా ఉంది. 2014 జూన్ 2. ముందు రోజు దాకా హైదరాబాద్ మన రాజధాని, ఆ రోజునుంచి అది పక్క రాష్ట్రపు ఊరు. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం శాఖ ఉంది, తెలుగు పత్రికల్లో పేరు తెచ్చుకున్నవాళ్లు ఎందరో అక్కడ చదివారు. పునర్విభజన చట్టంలో పాత ప్రవేశాల పద్ధతి పదేళ్లకు మించకుండా కొనసాగాలన్నారు. ఆ పదేళ్లు 2024 జూన్ 2తో నిండాయి. ఇక మీద అక్కడ దరఖాస్తు చేసేవాళ్లు ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్థానికత నియమం ఏముందో చదివాకే డబ్బు కట్టండి. అన్న చదివాడు, అక్క చదివింది అనే పాత లెక్క పనికిరాదు.

మరి ఎటు పోవాలి? కేంద్ర సంస్థలకు. అక్కడ ఏ రాష్ట్రపు ఎస్టీ అయినా ఎస్టీయే. 2006 నాటి కేంద్ర విద్యా సంస్థల రిజర్వేషన్ చట్టం ప్రకారం నూటికి 7.5 సీట్లు మనకు ఉంటాయి, మన తహసీల్దారు ఇచ్చిన కాగితం ఢిల్లీలో కూడా చెల్లుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఊరు తెలంగాణలో ఉన్నా సంస్థ కేంద్రానిది. 1974లో వచ్చినప్పటి నుంచీ అంతే. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్‌లో కమ్యూనికేషన్ ఎం.ఏ. ఉంది. అదే ఊళ్లో ఇఫ్లూలో జర్నలిజం ఉంది. ఢిల్లీలో 1965లో పెట్టిన ఐఐఎంసీ ఉంది, భారతీయ జన సంచార్ సంస్థాన్ అంటారు. మా గుత్తి మనిషి, కదిరి మనిషి ఇలాంటి గుమ్మాల నుంచే లోపలికి పోయారు. మూడో ఆమె కూడా మరుసటి ఏడు ఇటే వచ్చింది.

ఐఐఎంసీ గురించి ఒక నవ్వు సంగతి. దానికి ఢెంకనాల్, ఐజ్వాల్, జమ్ము, కొట్టాయం, అమరావతి అని ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. అమరావతి అన్న పేరు చూసి మన రాజధానే కదా, విజయవాడ బస్సు ఎక్కితే చాలని పెట్టేసినవాడు మాలోనే ఒకడున్నాడు. అది మహారాష్ట్ర విదర్భలోని అమరావతి. అక్కడ మరాఠీలో జర్నలిజం చెబుతారు. కొట్టాయంలో మలయాళం, ఢెంకనాల్‌లో ఒడియా. తెలుగు నేల మీద ఆ సంస్థకు కేంద్రం లేదు. ఇది మన ప్రజాప్రతినిధులు అడగాల్సిన విషయం, వేదిక మీద ఉన్నారు కాబట్టి అనేస్తున్నాం.

ప్రైవేటులో చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం పేరున్న సంస్థ. 1994లో బెంగళూరులో మొదలై 2000లో చెన్నైకి మారింది. ప్రైవేటు కాబట్టి కోటా ఉండదు, ఫీజు ఎక్కువ. కానీ దళిత, ఆదివాసీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తూ వచ్చింది. ఫీజు చూసి అప్లికేషన్ మూసేయకండి, స్కాలర్‌షిప్ పేజీ కూడా చదవండి.

ఇప్పుడు ఆ పెద్దాయన బండి ప్రశ్న.

తాతా, మన మండలాల్లో బండి మీద తిరిగే విలేకరులు మా మిత్రులే. వాళ్ల కష్టం మాకు తెలుసు. జీతం ఉండదు, ప్రకటనలు తెచ్చిపెట్టాలి, రాత్రి రెండింటికి ప్రమాదం జరిగినా పోవాలి. బండి ఉంటే వార్త మండలం దాటి జిల్లా ఆఫీసు దాకా పోతుంది. కానీ ఏది వార్త, ఏది కాదు, దానికి ఏ శీర్షిక, ఏ ఫోటో అని తేల్చేవాళ్లు డెస్కులో కూర్చుంటారు. ఆ కుర్చీలో తండా మనిషి ఉండాలంటే చదువు కావాలి.

కదిరి వైపు మా తండాలో జరిగింది చెబుతాం. ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఒక వలస వార్త వస్తుంది. తాళం వేసిన తలుపులు, అరుగు మీద ముసలివాళ్లు. ఒకసారి మాలో ఒకరి దాది ఫోటో వేశారు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకొని పైకి చూస్తోంది. కింద "చినుకు కోసం ఎదురుచూపు" అని రాశారు. పేపరు ఇంటికి తెచ్చి చూపిస్తే దాది పొట్ట పట్టుకొని నవ్వింది. "ఎదురుచూపా, నా మొహమా! మేక గుట్టెక్కింది, ఎండ కళ్లల్లో పడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకుంటి. చినుకు ఏప్రిల్‌లో యాడొస్తుంది, వానికి తెలీదా?" అంది.

నవ్వు అయ్యాక ఆమె చెప్పిన మాటలు మేము మరచిపోలేదు. వానొచ్చిందా లేదా అని అడిగేవాళ్లే గానీ బోరుకు ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎంత మిత్తి అని అడిగినవాళ్లు లేరట. బెంగళూరులో పిల్లలను ఏ బడిలో వేస్తున్నారు, ఇక్కడి అంగన్‌వాడీలో పేరు తీసేశారా అని అడిగినవాళ్లు లేరట. మేస్త్రి ముందే ఇచ్చిన డబ్బుకు లెక్క ఎవరు రాస్తారని కూడా ఎవరూ అడగలేదట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అని అందరూ రాస్తారు. ఆ వాన పడిన పదునుకు విత్తనం లేక ఎన్ని రోజులు పోయాయో రాయరు. దాది గోర్ బోలీలో చెప్పింది, తెలుగు సరిగా రాదు. వచ్చిన విలేకరికి గోర్ బోలీ రాదు. అందుకని ఆయన ఫోటో తీసుకొని పోయాడు. ఆయనను తప్పు పట్టి లాభం లేదు, ఆ రోజు ఆయనకు ఇంకా మూడు ఊళ్లున్నాయి.

అనంతపురానికి పత్రికల చరిత్ర లేదని కాదు. పప్పూరు రామాచార్యులు 1926లో ఇక్కడి నుంచే శ్రీ సాధన పత్రిక నడిపారు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకులు, ఈ సీమ కరువునే పెన్నేటి పాటగా రాశారు. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైన మన ఆర్ట్స్ కాలేజీ లైబ్రరీలో కూర్చొని వాళ్ల గురించి చదువుకున్నాం. గర్వంగానే అనిపించింది. ఆ వరసలో తండా పేరు ఒకటైనా కనపడుతుందా అని కూడా వెతికాం.

దేశం సంగతి ఇంకా పెద్దది. 2006లో ఢిల్లీలో 37 హిందీ, ఇంగ్లిష్ వార్తా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది ఎవరెవరని అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ లెక్క తీశారు. అందులో ఎస్సీ ఒక్కరు లేరు, ఎస్టీ ఒక్కరు లేరు. అమెరికాలో 1967లో నల్లవాళ్ల వాడల్లో అల్లర్లు జరిగాయి. మరుసటి ఏడు కెర్నర్ కమిషన్ నివేదిక పత్రికలను కూడా నిలదీసింది: మీరు ఈ దేశాన్ని తెల్లవాళ్ల కళ్లతోనే చూస్తున్నారు, మీ విలేకరుల్లో నల్లవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు అని. 2000 నాటికి జనాభాలో ఉన్నంత వాటా న్యూస్‌రూముల్లో కూడా వచ్చేలా చూస్తామని 1978లో అక్కడి సంపాదకుల సంఘం మాట ఇచ్చింది. ఆ గడువుకు అందుకోలేకపోయారు. అయినా లెక్క పెట్టడం మొదలుపెట్టారు. మన తెలుగు పత్రికల్లో, చానెళ్లలో ఆ లెక్క ఎవరైనా పెడితే చూడాలని ఉంది.

దరఖాస్తు రాయడం గురించి కొంచెం వివరంగా చెబుతాం, చెల్లెళ్లు అడిగేది ఇదే. చాలా సంస్థలు ప్రవేశ పరీక్షతో పాటు, లేదా స్కాలర్‌షిప్ కోసం, మీరు జర్నలిజం ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒకటి రెండు పేజీలు రాయమంటాయి. మా కదిరి మనిషి మొదటిసారి ఏం రాశాడో చదివి నవ్వుకుంటాం ఇప్పుడు. చిన్ననాటి నుంచి తనకు పత్రికా రంగం అంటే మక్కువ అట, ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభం అట, కలం కత్తి కన్నా పదునైనదట. నెట్‌లో దొరికిన మూడు వ్యాసాలు కలిపి రాసింది. మేము చదివి, ఇది నీవా, ఎవరిదైనానా అని అడిగాం. ఊరి పేరు లేదు, తండా పేరు లేదు. రాస్తే తక్కువగా చూస్తారేమోనని భయం. ఇంటిపేరులో కూడా నాయక్ తీసేద్దామా అనుకున్నాడు.

రెండోసారి దాది ఫోటో సంగతి రాశాడు. మేక, గుట్ట, ఎండ, ఆమె అడిగిన మూడు ప్రశ్నలు. ఇంగ్లిష్ గొప్పగా లేదు. వాక్యాలు చిన్నవి. కానీ చదివినవాళ్లు ఆ పేజీ గురించే ప్రశ్నలు వేశారు. తెలియని దాని మీద ప్రశ్నలు వేస్తే మనం తడబడతాం. దాది మీద ఎన్ని వేసినా జవాబు ఉంటుంది.

ఇక్కడొక జాగ్రత్త కూడా ఉంది. దుఃఖం అమ్ముకోవద్దు. మేము పేదవాళ్లం, కరువు మనుషులం, జాలి పడండి అన్నట్టు రాస్తే ఆ పేపరు ఫోటోకూ మనం రాసినదానికీ తేడా ఉండదు. నీకు ఏం తెలుసు, ఏం కనిపెట్టగలవు, ఎవరితో ఏ భాషలో మాట్లాడగలవు అన్నది రాయండి. గోర్ బోలీకి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు అక్షరాల్లో, అవతల కన్నడంలో, మహారాష్ట్రలో నాగరిలో రాస్తాం. మూడు రాష్ట్రాల తండాల్లో అడిగి తెలుసుకోగలిగిన విలేకరి ఎక్కడ దొరుకుతాడు వాళ్లకు? ఇది మన దరఖాస్తులో మొదటి పేజీలో ఉండాల్సిన మాట. మేము మూడో పేజీలో, అదీ "తెలిసిన భాషలు" అన్న గడిలో ఒక మూలన రాశాం.

ఇంటర్వ్యూ ఉన్నచోట ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. మా ముగ్గురికీ వచ్చింది. "అనంతపురంలో అడవే లేదు కదా, మీరు గిరిజనులు ఎలా అయ్యారు?" ఒకరు వెటకారంగా అడిగారు, ఇద్దరు నిజంగా తెలియక అడిగారు. కోపం వస్తుంది, రానివ్వండి, కానీ జవాబు సిద్ధంగా పెట్టుకోండి. మనవాళ్లు ఎడ్ల మందల మీద సరుకు మోసిన సంచారులు. రైలు, రోడ్డు వచ్చాక ఆ బతుకు పోయింది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మన సుగాలీలను కూడా పుట్టుకతోనే నేరస్థులని రాశారు. ఆ చట్టం రద్దయింది 1952లో. ఈ మెట్ట నేలల్లో తండాలు వేసుకొని స్థిరపడిన కథ అదీ. రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. మా గుత్తి మనిషి చెప్పినప్పుడు అడిగినాయన పెన్ను తీసి రాసుకున్నాడు.

పరీక్ష భాష సంగతి దాచిపెట్టి లాభం లేదు. పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్షలో జర్నలిజం పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో రాసే వీలు లేదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, పరీక్షలో ఇంకొకటి. మేము చేసింది ఏమిటంటే, రోజూ ఒకే వార్తను తెలుగు పేపర్లోనూ ఇంగ్లిష్ పేపర్లోనూ పక్కపక్కన పెట్టుకొని చదవడం. మొదటి నెల తలనొప్పి, మూడో నెలకు అలవాటు.

కాగితాల గురించి గబగబా చెప్పి ముగిస్తాం. కుల ధ్రువపత్రం కేంద్ర సంస్థలకు భారత ప్రభుత్వం ఇచ్చిన నమూనాలో, ఇంగ్లిష్‌లో అడుగుతారు. మన మామూలు పత్రంతో పాటు అది కూడా ముందే తీసుకోండి, కౌన్సెలింగ్ రోజు సచివాలయానికి పరుగెత్తితే సర్వర్ పనిచేయదు. పదో తరగతి మార్కుల పత్రంలో, ఆధార్‌లో, కుల పత్రంలో పేరు ఒకే తీరున ఉందా చూసుకోండి. ఒకచోట బాయి, ఇంకోచోట బాయ్, మరోచోట అసలు లేదు అన్న తంటా మన ఆడపిల్లలందరికీ ఉంది. ఎస్టీలకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. పక్క రాష్ట్రంలో చదువుతున్నా ఆ డబ్బు ఇవ్వాల్సింది మన సొంత రాష్ట్రమే. చదివేచోట ఇవ్వరని చాలామంది వదిలేసుకుంటున్నారు. జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయానికి పోయి అడగండి. ఒకసారికి కాకపోతే మూడుసార్లు పోండి, మేము నాలుగుసార్లు పోయాం.

ఆఖరుగా ఒక పాప సంగతి. పేరు చెప్పం, ఈ సభలోనే ఉంది. డిగ్రీ మూడో సంవత్సరం. తండా మీద రెండేళ్లుగా ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చేస్తోంది. నీళ్ల ట్యాంకరు ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు అని తేదీలు వేసి నోటు పుస్తకంలో రాసుకుంది. మాకు చూపించింది. మేము ముగ్గురం చదువుకునే రోజుల్లో మా దగ్గర అలాంటిది లేదు. వాళ్ల బా, యాడి బెంగళూరులో పనిలో ఉన్నారు. అక్కడే ఏదో ఒక కాలేజీలో చేరిపో, రూము అద్దె మిగులుతుందని అంటున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ అక్కడ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆమె జనరల్ లెక్క, పోటీ వేరు, ఫీజు వేరు. హైదరాబాద్‌కో ఢిల్లీకో పోతే ఎస్టీ సీటు ఉంది, హాస్టల్ ఉంది, కానీ ఇల్లు దూరం. ఏది మంచిదో మేము తేల్చి చెప్పలేదు. వాళ్ల బాతో ఫోన్‌లో మాట్లాడాం. "జనరల్ అంటే ఏంది సార్, మనం జనరల్ ఎట్లయితాం?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. చెప్పాం. ఆలోచించి సాయంత్రం చెబుతానన్నాడు.

ఆయన ఫోన్ వచ్చేలోగా మిగతావాళ్ల పని చూద్దాం. భోగ్ అయ్యాక, భోజనాల టెంటుకు ఎడమ పక్కన వేపచెట్టు కింద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకొని కూర్చుంటాం. కుల పత్రం, ఆదాయ పత్రం, పదో తరగతి మార్కుల పత్రం, ఆధార్ జిరాక్స్ తెచ్చినవాళ్లు ముందు రండి. తేనివాళ్లు పేరు రాయించి పోండి. జై సేవాలాల్.